పంచదార మానేశాం, బెల్లం మొదలెట్టాం!

పోయిన నెల ఇదే పేజీలో ఒక పాఠకురాలికి జవాబిస్తూ ‘బెల్లం టీ కూడా పంచదార టీయే’ అని ఒక్క వాక్యం రాశాను. అంతే! ఉప్పు గురించి, నూనె గురించి ఎంత మొత్తుకున్నా రాని ఉత్తరాలు ఈ ఒక్క వాక్యానికి వచ్చిపడ్డాయి. తిట్లున్నాయి, సందేహాలున్నాయి, అనకాపల్లి నుంచి ఒకాయనైతే ఏకంగా బెల్లం అచ్చు పార్సిల్ చేశారు. అందుకని ఈసారి పేజీ మొత్తం తీపికే. ఎప్పుడూ చెప్పే మాటే మళ్ళీ: నేను డైటీషియన్ని. మందుల సంగతి మీ డాక్టరుగారితో తేల్చుకోండి, కంచం సంగతి నాతో.

ప్ర: మేడమ్ గారూ, మేం తాతల నాటి నుంచి బెల్లం వండుతున్నాం. ఫ్యాక్టరీలో కెమికల్స్ పోసి తీసే పంచదారనీ, మా బెల్లాన్నీ ఒకే గాటన కట్టేశారు. బెల్లంలో ఐరన్ ఉందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. మీరేమైనా కంపెనీల తరఫున రాస్తున్నారా?
– ఒక చెరకు రైతు, అనకాపల్లి జిల్లా

జ: కంపెనీల నుంచి నాకేమీ ముట్టలేదండీ. ముట్టింది మీ జిల్లా బెల్లం అచ్చు ఒక్కటే. చాలా బాగుంది కూడా.

ముందు మీ పక్షాన చెప్పాల్సినవి చెప్పేస్తాను. బెల్లంలో ఐరన్ ఉంది, పొటాషియం ఉంది, కాస్త మెగ్నీషియం ఉంది. పంచదారలో ఇవేమీ లేవు, అది దాదాపు నూటికి నూరుపాళ్ళు సుక్రోజ్. ఇక్కడిదాకా మీరే కరెక్టు. ఇక లెక్కకు రండి. వంద గ్రాముల బెల్లంలో ఉండే ఐరన్ సుమారు 5 మిల్లీగ్రాములు. ఒక కప్పు టీలో 10 గ్రాముల బెల్లం వేశారనుకుందాం, అర మిల్లీగ్రాము వచ్చింది. ఆడవాళ్ళకు రోజుకు కావలసింది 29 మిల్లీగ్రాములు. అదంతా బెల్లంతోనే పూడ్చాలంటే రోజూ అరకిలో పైన తినాలి. పోనీ ఆ అర మిల్లీగ్రాము అయినా ఒంటికి పడుతుందా అంటే, టీలో ఉండే టానిన్లు దాన్ని సరిగ్గా పట్టనివ్వవు. ఐరన్ కోసం బెల్లం టీ తాగడమంటే ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో లాక్కోవడమే.

బెల్లంలో మిగతాదంతా ఏమిటి? ఎనభై శాతానికి పైగా చక్కెరలే. ఆ చక్కెర పేగులోకి వెళ్ళాక ‘నేను గానుగ నుంచి వచ్చాను, నన్ను వేరుగా చూడండి’ అని చెప్పుకోదు. షుగర్ ఉన్నవాళ్ళకు అది రక్తంలో గ్లూకోజును పంచదారలాగే పెంచుతుంది.

కెమికల్స్ అన్నారు కనుక ఇదీ మాట్లాడుకుందాం. వండేవారు కాబట్టి మీకు తెలియనిది కాదు. పచ్చగా మెరిసే అచ్చుకు మంచి ధర పలుకుతుందని పెనంలో హైడ్రోస్ అనే రంగు విరిచే రసాయనం వేసేవాళ్ళున్నారు. అది లేకుండా, బెండ జిగురుతో మడ్డి తీసి వండిన బెల్లం ముదురు రంగులో ఉంటుంది. కొనేవాళ్ళు ఆ నల్లటి అచ్చును చూసి మొహం చిట్లించినంత కాలం వండేవాళ్ళను ఒక్కళ్ళనే అని లాభం లేదు. పాఠకులకు నా మనవి ఇదే, బెల్లం కొంటే నల్లదే కొనండి.

అరిసెల్లోకి, పరమాన్నంలోకి, చక్కెరపొంగలిలోకి బెల్లమే వేయండి. రుచి కోసం బెల్లం తినేవాళ్ళతో నాకు పేచీ లేదు. మందనుకుని రెండు చెంచాలు ఎక్కువ వేసుకునేవాళ్ళతోనే.

ప్ర: రోజూ పొద్దున్నే వేడినీళ్ళలో నిమ్మరసం, రెండు స్పూన్ల తేనె కలుపుకుని తాగుతున్నాను. కొవ్వు కరుగుతుందా?
– గృహిణి, నరసరావుపేట

జ: కరగదు తల్లీ. రెండు స్పూన్ల తేనెలో పది గ్రాముల పైనే చక్కెర ఉంటుంది. తేనె తీసేసి మిగతాది తాగండి. ఇంట్లో ఏడాది లోపు పసిపిల్లలుంటే మాత్రం ఒక్క చుక్క తేనె కూడా నాకించకండి, పెద్దవాళ్ళు ఆనవాయితీ అన్నా సరే. తేనెలో అరుదుగా ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు పసివాళ్ళ పేగుల్లో విషం తయారుచేసి ఊపిరికే ఎసరు పెట్టగలవు.

ప్ర: బస్సు డ్రైవర్‌ని. పోయిన ఏడు, మూడు నెలల సగటు షుగర్ చూసే హెచ్‌బీఏ1సీ టెస్టులో 6.2 వచ్చింది, ‘బార్డర్ షుగర్’ అన్నారు. ఆ రోజు నుంచి చక్కెర బంద్. చాయ్ కూడా చప్పగానే తాగుతున్నాను. మళ్ళీ టెస్టు చేయిస్తే 6.3! చక్కెర తినకున్నా షుగర్ ఎందుకు పెరుగుతుంది?
– ఒక ఆర్టీసీ ఉద్యోగి, కరీంనగర్

జ: అన్నా, చప్పటి చాయ్ తాగడం మామూలు విషయం కాదు, దానికి ముందు మెచ్చుకోవాలి. అయితే మీ ఉత్తరంలో ఇంకో వాక్యం ఉంది, ‘మూడు పూటలా అన్నమే, టిఫిన్ అలవాటు లేదు’ అని. దొంగ అక్కడున్నాడు.

మీరు మానేసిన చక్కెర, చాయ్‌లన్నీ కలిపితే రోజుకు ఇరవై గ్రాములుంటుందేమో. డ్యూటీ దిగి ఆకలి మీద కూర్చుంటే ఒక పూట కంచంలో అన్నం నాలుగు వందల గ్రాములు ఈజీగా ఉంటుంది. అందులో పిండిపదార్థం వంద గ్రాముల పైమాటే. నోటికి తియ్యగా తగలదు కానీ, అరిగాక అదంతా గ్లూకోజే. మూడు పూటలకు మీరే గుణించుకోండి. ఈ తిండి మీ ఒక్కరిదే కాదు. దేశమంతా తిరిగి చేసిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వేలో మనవాళ్ళ కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని తేలింది. పప్పు, గుడ్డు, చేప వాటా మరీ తక్కువ. అదే సర్వే 2023లో దేశంలో 10 కోట్ల మందికి షుగర్ ఉందని, 13 కోట్ల 60 లక్షల మంది మీలాగే బార్డర్‌లో ఉన్నారని అంచనా కట్టింది.

అలాగని చక్కెరను వదిలేయమని నేనెందుకంటాను? చక్కెరలో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. ఈ రెండోదాని భారం ఎక్కువగా లివర్ మీదే పడుతుంది. అతిగా, అందులోనూ కూల్‌డ్రింకుల రూపంలో పోస్తే, లివర్ దాన్ని కొవ్వుగా మార్చి తనలోనే పోగేసుకుంటుంది. ఫ్యాటీ లివర్, ఆ వెనకే ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోవడం, ఆ వెనకే షుగర్. బ్రిటన్‌లో రెండో ప్రపంచ యుద్ధం నాటి నుంచి 1953 సెప్టెంబరు దాకా చక్కెరకు రేషన్ ఉండేది. ఆ రేషన్ రోజుల్లో తల్లి కడుపులోనూ, పుట్టాక మొదటి రెండేళ్ళూ గడిపినవాళ్ళను, రేషన్ ఎత్తేశాక పుట్టినవాళ్ళతో పోల్చి చూశారు. రేషన్ పిల్లలకు పెద్దయ్యాక షుగర్ వచ్చే ముప్పు 35 శాతం, బీపీ ముప్పు 20 శాతం తక్కువ. 2024లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం ఇది. కాబట్టి చక్కెర నిర్దోషి కాదు, కానీ ఒక్కటే దోషి కాదు.

మీరు చేయాల్సింది: కంచంలో ముందు కూర, పప్పు పడాలి, అన్నం తర్వాత. పూటకు ఒక పెద్ద గరిటె అన్నం తగ్గించి ఆ చోట గుడ్డో, శనగలో, పెసర్లో, కూరగాయలో పెట్టండి. ఒక పూట జొన్నరొట్టె తినండి, మీ వైపు అది కొత్తేమీ కాదు. అది కూడా నాలుగైదు తింటే మళ్ళీ మొదటికొస్తుంది. తిన్న వెంటనే సీట్లో కూర్చోకుండా పది, పదిహేను నిమిషాలు డిపోలోనే అటూ ఇటూ నడవండి. మూడు నెలలాగి మళ్ళీ టెస్టు చేయించండి. నైట్ డ్యూటీలు, నిద్రలేమి కూడా షుగర్‌ను పెంచుతాయి. అది మీ చేతిలో లేదని తెలుసు, అయినా డాక్టరుకు ఆ ముక్క తప్పకుండా చెప్పండి.

ప్ర: పంచదార కంపెనీలు శాస్త్రవేత్తలకు డబ్బులిచ్చి తప్పుడు పరిశోధన రాయించాయని వీడియో చూశాను. చక్కెర కొకైన్ లాంటిదని, నెయ్యి ఎంత తిన్నా ఏం కాదని అందులో చెప్పారు. ఇన్నాళ్ళూ మనల్ని మోసం చేశారా? ఎవర్ని నమ్మాలి?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జ: మొదటి ముక్క నిజమే బాబూ. 1960లలో అమెరికా పంచదార పరిశ్రమ వాళ్ళ షుగర్ రీసెర్చ్ ఫౌండేషన్ హార్వర్డ్ పోషకాహార శాస్త్రవేత్తలకు సుమారు 6,500 డాలర్లిచ్చి ఒక సమీక్షా వ్యాసం రాయించుకుంది. 1967లో అది న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. గుండెజబ్బుల నేరం కొవ్వు మీదికి నెట్టి, పంచదార మీదున్న అధ్యయనాలకు వంకలు పెట్టింది. డబ్బు ఎవరిచ్చారో ఆ వ్యాసంలో ఎక్కడా లేదు. అప్పట్లో చెప్పితీరాలన్న నిబంధనా లేదు. యాభై ఏళ్ళ తర్వాత, 2016లో, క్రిస్టిన్ కెర్న్స్ అనే పళ్ళ డాక్టరు, ఆమె సహచరులు కలిసి పాత ఉత్తరాల కట్టలు తవ్వి ఇదంతా బయటపెట్టారు. లండన్‌లో జాన్ యుడ్‌కిన్ అనే ప్రొఫెసరు పంచదారే అసలు ముద్దాయి అని 1972లో పుస్తకమే రాశారు. కొవ్వే కారణమని వాదించే ఆన్సెల్ కీస్ లాంటివాళ్ళు ఆయన్ని తీసిపారేశారు. ఆయన పోయాక చాలా ఏళ్ళకు గానీ లోకానికి ఆయన మళ్ళీ గుర్తురాలేదు.

ఇక మీ వీడియోలో మిగతా భాగం. కొకైన్ మాట ఎలుకల ప్రయోగాల నుంచి వచ్చింది. ఆ ఎలుకలను రోజూ పన్నెండేసి గంటలు తిండి లేకుండా మాడ్చి, ఆ తర్వాత చక్కెర నీళ్ళు పెట్టారు. అవి వ్యసనపరుల్లా ఎగబడ్డాయి. ఎప్పుడంటే అప్పుడు చక్కెర దొరికిన ఎలుకలు అలా చేయలేదు. దీన్ని పట్టుకుని లడ్డూ తిన్నవాళ్ళందరినీ బానిసలనడం అతి. నెయ్యి సంగతా, పంచదార విలన్ అని తేలినంత మాత్రాన నెయ్యి హీరో కానక్కర్లేదు, ఇదేం సినిమా కాదు కదా. పంచదార వాళ్ళు కొవ్వు మీద అతిగా నేరం మోపినా, కొలెస్ట్రాల్ మీద జరిగిన వేరే పరిశోధనలు అబద్ధాలైపోవు. రోజుకు రెండు మూడు చెంచాల నెయ్యి వేరు, కాఫీలో కూడా నెయ్యి కలుపుకు తాగడం వేరు.

ఎవర్ని నమ్మాలంటారా? వాదులాడుకునే రెండు పక్షాలూ ఎక్కడ ఒప్పుకుంటున్నాయో చూడండి. తీపి డ్రింకులు చెడ్డవన్న దగ్గర ఎవరికీ పేచీ లేదు. రోజూ ఒక కూల్‌డ్రింకు తాగేవాళ్ళకు షుగర్ వచ్చే ముప్పు ఎక్కువని అధ్యయనం మీద అధ్యయనం చెబుతూనే ఉంది. మెక్సికో 2014లో, బ్రిటన్ 2018లో వాటి మీద ప్రత్యేకంగా పన్ను వేశాయి. పంచదార కంపెనీ డబ్బుతో రాసినదాన్ని ఎంత అనుమానించాలో, వీడియో కింద డిస్కౌంట్ కోడ్ పెట్టి మూడు రెట్ల ధరకు ‘ప్యూర్’ తాటిబెల్లం అమ్మేవాళ్ళనూ అంతే అనుమానించాలి. మీరు చూసిన వీడియో కింద ఏముందో ఒకసారి చూడండి.

ప్ర: మా బాబుకు ఏడేళ్ళు. బర్త్‌డే పార్టీలో కేకు, చాక్లెట్లు తిన్న రోజు ఇల్లు పీకి పందిరేస్తాడు. స్వీట్ల వల్ల పిల్లలు హైపర్ అవుతారంటారు కదా?
– ఒక అమ్మ, తిరుపతి

జ: పార్టీ వల్ల హైపర్ అవుతారు. ఇరవై మంది పిల్లలు, బెలూన్లు, డీజే పాటలు, నిద్రపోయే టైము దాటిపోవడం, ఇవి చాలవా? తల్లిదండ్రులకు గానీ, పిల్లలకు గానీ ఏది తిన్నారో తెలియకుండా చేసిన పరీక్షలన్నిటినీ కలిపి 1995లో అమెరికా డాక్టర్లు చూస్తే, చక్కెరకూ పిల్లల అల్లరికీ సంబంధం కనబడలేదు. అంతకు ముందు ఏడాది ఇంకో తమాషా ప్రయోగం జరిగింది. పిల్లలందరికీ చక్కెర లేని డ్రింకే ఇచ్చి, కొందరు తల్లులకు మాత్రం ‘మీవాడికి బాగా చక్కెర ఇచ్చాం’ అని చెప్పారు. ఆ తల్లులకే తమ పిల్లలు ఎక్కువ అల్లరి చేస్తున్నట్టు కనిపించింది!

మీరు భయపడాల్సింది పళ్ళకు. ఎంత తిన్నాడన్న దానికన్నా ఎన్నిసార్లు తిన్నాడన్నది పళ్ళకు ముఖ్యం. 1940లలో స్వీడన్‌లోని విపెహోల్మ్ ఆసుపత్రిలో మానసిక వైకల్యం ఉన్న రోగులకు కావాలనే జిగురు టాఫీలు రోజంతా తినిపించి చూశారు. ఈ రోజుల్లో అలాంటి పని చేస్తే జైల్లో పెడతారు. భోజనంతో పాటు తీపి తిన్నవాళ్ళకన్నా, మధ్యమధ్యలో టాఫీలు చప్పరించినవాళ్ళ పళ్ళు ఘోరంగా పుచ్చిపోయాయి. కాబట్టి పెడితే భోజనంతో పెట్టేయండి, వాడి జేబులో మాత్రం చాక్లెట్లు ఉండనివ్వకండి.

ప్ర: పాపకు రెండున్నరేళ్ళు, విరేచనాలు పట్టుకుంటే మెడికల్ షాపులో ‘ఓఆర్ఎస్’ అని రాసి ఉన్న జ్యూస్ డబ్బా ఇచ్చారు. తాగిస్తే ఇంకా ఎక్కువయ్యాయి. ఎందుకలా?
– పాప నాన్న, ఖమ్మం

జ: మీకిచ్చింది ఓఆర్ఎస్ కాదండీ, ఆ పేరు పెట్టుకున్న పళ్ళరసం డ్రింకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం అసలైన ఓఆర్ఎస్ లీటరులో గ్లూకోజు పదమూడున్నర గ్రాములే ఉంటుంది. ఇలాంటి కొన్ని డ్రింకుల్లో లీటరుకు వంద గ్రాముల పైనే చక్కెర. అంత తీపి పేగులోకి వెళ్తే నీటిని లోపలికి పట్టనివ్వకపోగా, ఒంట్లో నీటినే పేగులోకి లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ళ తరబడి ఒంటిచేత్తో పోరాడితే, చివరికి 2025 అక్టోబరులో, ఫార్ములా ప్రకారం లేని డ్రింకుల పేరులో ఎక్కడా ‘ఓఆర్ఎస్’ అనే మాట ఉండకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. ఆమెకు మనమంతా రుణపడి ఉన్నాం. పాత స్టాకు, కొత్త పేర్లు, ఏదైనా రావచ్చు. అందుకని నీళ్ళలో కలుపుకునే పొడి ప్యాకెట్టే అడగండి, దాని మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. ఆశా కార్యకర్త దగ్గర, పీహెచ్‌సీలో ఊరికే ఇస్తారు. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళని రాసుంటే అన్నీ పోయాలి. సగం ప్యాకెట్ గ్లాసుడు నీళ్ళలో కలపడం లాంటివి చేయకండి.

పంచదారను తిట్టే ఈ పేజీలోనే దాని గొప్ప కూడా చెప్పాలి. పేగు గోడలో ఉప్పు, గ్లూకోజు జంటగా లోపలికి పోతాయి, వాటి వెంట నీళ్ళు పోతాయి. ఉప్పునీళ్ళొక్కటే తాగిస్తే అంత బాగా పట్టవు. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో కలరా ప్రబలి సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్ళను డ్రమ్ముల్లో పెట్టి, రోగుల బంధువుల చేతే తాగించారు. ముప్పై శాతం దాకా ఉన్న చావులు నాలుగు శాతం లోపుకి దిగాయి. ప్యాకెట్ దొరకని అర్ధరాత్రి మీరూ చేసుకోవచ్చు: లీటరు కాచి చల్లార్చిన నీళ్ళు, తలకొట్టిన చెంచాలు ఆరు పంచదార, తలకొట్టిన అరచెంచా ఉప్పు. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, చూసి వేయండి. పాప మూత్రం తగ్గినా, కళ్ళు లోతుకుపోయినా, మగతగా ఉన్నా ఇంట్లో వైద్యం ఆపి ఆసుపత్రికి పరుగెత్తండి.

ప్ర: రిటైర్డ్ హెడ్‌మాస్టర్‌ని. షుగర్ పదేళ్ళుగా అదుపులోనే ఉంది. వేసవిలో రసాలు వస్తే మా ఇంటావిడ నా ముందు నుంచి బుట్ట ఎత్తుకుపోతుంది. మామిడిపండు తినే యోగం నాకిక లేదా?
– నూజివీడు

జ: నూజివీడులో ఉంటూ చిన్నరసం తినొద్దని చెప్పే ధైర్యం నాకు లేదు మాస్టారూ. వంద గ్రాముల మామిడి గుజ్జులో చక్కెర 14 గ్రాముల దాకా ఉంటుంది, పీచు కూడా ఉంటుంది. అదుపులో ఉన్నవాళ్ళు రోజు విడిచి రోజు ఒక చిన్నరసమో, రెండు బంగినపల్లి ముక్కలో తినొచ్చు. తిన్న రెండు గంటలకు గ్లూకోమీటరుతో చూసుకోండి, ఎంత తినొచ్చో నాకన్నా అదే బాగా చెబుతుంది. అసలు గొడవ పెరుగన్నంతో వస్తుంది. పప్పన్నం, కూరన్నం అయ్యాక పెరుగన్నంలోకి మామిడిపండు నంజుకుంటే అది భోజనం మీద భోజనం. పండు తినే పూట పెరుగన్నం మానేసి ఒట్టి పెరుగు తినండి. జ్యూసు, మిల్క్‌షేకు, తాండ్ర వద్దు. బుట్ట మాత్రం మీ ఆవిడ దగ్గరే ఉండటం మంచిది.

ప్ర: షుగర్ ఉంది. టీలో షుగర్-ఫ్రీ మాత్ర వేసుకుంటాను. దానివల్ల క్యాన్సర్ వస్తుందని మా అమ్మాయి డబ్బా పారేసింది.
– బ్యాంకు ఉద్యోగి, వరంగల్

జ: 2023 జులైలో క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఐఏఆర్‌సీ, ఇలాంటి కొన్ని మాత్రల్లో తీపి కోసం వాడే ఆస్పర్టేమ్‌ను ‘క్యాన్సర్ కారకం కావచ్చేమో’ అనే 2బి జాబితాలో పెట్టింది. మొత్తం కలబంద ఆకు నుంచి తీసిన సారం కూడా ఆ జాబితాలోనే ఉంది. అదే నెల ఇంకో నిపుణుల సంఘం, రోజుకు కిలో బరువుకు 40 మిల్లీగ్రాముల దాకా తీసుకోవచ్చన్న పాత పరిమితిని మార్చనక్కర్లేదని చెప్పింది. అరవై కిలోల మనిషికి 2,400 మిల్లీగ్రాములు. రెండు టీల్లో మీరు వేసుకునే మాత్రలు దాని దరిదాపుల్లోకి కూడా రావు. బరువు తగ్గడానికి ఇలాంటివి వాడొద్దని డబ్ల్యూహెచ్ఓ అదే ఏడు చెప్పింది, కానీ అప్పటికే షుగర్ ఉన్నవాళ్ళకు ఆ సలహా వర్తించదని కూడా చెప్పింది. నెమ్మదిగా మాత్ర కూడా లేని టీకి అలవాటు పడితే మరీ మంచిది. ‘షుగర్-ఫ్రీ’ స్వీట్లు, బిస్కెట్ల జోలికి మాత్రం పోకండి. చక్కెర లేకపోయినా మైదా, నెయ్యి ఎక్కడికీ పోవు.

ప్ర: అమ్మకు రొమ్ము క్యాన్సర్, కీమో నడుస్తోంది. చక్కెరే క్యాన్సర్‌కు తిండి అని బంధువులు చెప్పడంతో అన్నం, పళ్ళు కూడా మానేసింది. నెలలో చాలా బరువు తగ్గింది. భయంగా ఉంది.
– ఒక కూతురు, కాకినాడ

జ: అమ్మా, ఈ వారమే ఆమె చేత తినిపించడం మొదలుపెట్టండి, ఆ బంధువులతో ఫోన్లో నేను మాట్లాడమన్నా మాట్లాడతాను. క్యాన్సర్ కణాలు గ్లూకోజును ఎక్కువగా పీల్చుకుంటాయన్నది నిజం, పెట్ స్కాన్ పనిచేసేదే ఆ ఆధారంతో. కానీ మనం తినడం మానేస్తే రక్తంలో గ్లూకోజు ఆగిపోదు. లివర్ ఒంట్లోని కండను కరిగించి మరీ దాన్ని తయారుచేస్తుంది. గడ్డ మాడదు, మనిషి మాడుతుంది. కీమోలో బరువు పడిపోతే మందు తట్టుకోవడం కష్టమై సైకిళ్ళు వాయిదా పడతాయి.

గుడ్డు, పెరుగు, పప్పు, చేప, మెత్తటి కిచిడీ, కాస్త బెల్లం వేసిన రాగిజావ, ఏది తినబుద్ధైతే అది, కొంచెం కొంచెంగా ఆరేడుసార్లు పెట్టండి. నోరు పూసి ఉంటే కారం, పులుపు తగ్గించండి. కీమోతో పాటు స్టెరాయిడ్లు ఇస్తుంటే షుగర్ పెరగొచ్చు, అది పరీక్షలో కనబడితే అప్పుడు తీపి తగ్గిద్దాం. బరువు ఎంత తగ్గిందో ఆంకాలజిస్టుకు అంకెలతో చెప్పండి.

ప్ర: మేం నలుగురం. నెలకు పంచదార నాలుగు కిలోలు, బెల్లం కిలోన్నర తెస్తాను. ‘ఒక్కో చెంచానే వేస్తున్నాను’ అంటుంది మా ఆవిడ. అసలు ఎంత వాడాలి?
– కిరాణా బిల్లు కట్టే భర్త, ఒంగోలు

జ: ఇన్ని ఉత్తరాల్లో సూటిగా లెక్క అడిగింది మీరొక్కరే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం అదనంగా కలిపే చక్కెర రోజుకు మనిషికి 25 గ్రాములు దాటకూడదు. నెలకు 750 గ్రాములు, నలుగురికి మూడు కిలోలు. ఇందులో బెల్లం, తేనె, బిస్కెట్లు, బయట తాగే కూల్‌డ్రింకు, పక్కింటివాళ్ళు పంపిన స్వీటు, అన్నీ కలిసే. మీరు ఇంట్లోనే ఐదున్నర కిలోల దగ్గరున్నారు.

చెంచా సంగతి చెబుతాను. మా క్లినిక్‌లో బల్ల మీద చిన్న కాటా, పంచదార డబ్బా, నాలుగు రకాల చెంచాలు పెట్టి ఉంచుతాను. ‘ఒక్క చెంచానే’ అన్నవాళ్ళను ఇంట్లో వేసినట్టే వేసి చూపించమంటాను. చేయి దానంతటదే డబ్బా అడుగుదాకా వెళ్ళి, గోపురంలా ఎత్తుకుని వస్తుంది. పైన రాలిపోబోయే పలుకుల్ని బొటనవేలితో ఆపుతారు కూడా! తలకొట్టిన టీస్పూను అయితే 4, 5 గ్రాములు తూగాలి. కాటా మీద ఎనిమిది, తొమ్మిది చూపిస్తుంది. కొందరి ఇళ్ళలో డబ్బాలో ఉండేది టీస్పూనే కాదు, చిన్న గరిటె. మీ ఆవిడ అబద్ధం చెప్పడం లేదు, చెంచా చెబుతోంది. డబ్బాలో చెంచా మార్చండి, గొడవ పడకండి. టీలో వారానికి పావుచెంచా చొప్పున తగ్గిస్తే నెలన్నరలో నాలుక సర్దుకుంటుంది.

తర్వాత పిల్లల పాలలో కలిపే పొడి డబ్బా వెనక్కి తిప్పండి. ‘యాడెడ్ షుగర్స్’ అని ఒక వరుస ఉంటుంది, వంద గ్రాములకు ఎంతో చూడండి. ఇలాంటి పొడులను ‘హెల్త్ డ్రింక్’ విభాగంలో పెట్టి అమ్మొద్దని 2024లో కేంద్రం ఆన్‌లైన్ అమ్మకందార్లకు చెప్పాల్సి వచ్చింది. బిస్కెట్ల ప్యాకెట్ కూడా అలాగే తిప్పండి, టీలో ముంచుకునే చప్పటి రకాల్లో సైతం వందకు ఇరవై గ్రాముల చక్కెర ఉండటం మామూలే.

సంక్రాంతి నెలను లెక్కలోంచి తీసేయండి, అరిసెలు కాటాలో తూచి వండితే పండగ ఎందుకు? మిగతా నెలల్లో చిట్టీ రాసేటప్పుడు పంచదార, బెల్లం రెండూ ఒకే వరుసలో రాసి, పక్కన ఒకటే అంకె వేయండి. వచ్చే నెలకు నాలుగున్నర. దీపావళికి మూడు.